ఇన్‌కమ్ ట్యాక్స్ రెండుసార్లు కట్టేస్తే ఆ డబ్బు ఏమవుతుంది, ఎలా తిరిగొస్తుంది?

రిటర్నుల గడువు దగ్గరపడిందంటే చాలు, ఈ గోల ఏదో ఒక రూపంలో వినిపిస్తుంది. పన్ను కడుతుంటే పేజీ తిరుగుతూ తిరుగుతూ ఆగిపోయింది, డబ్బు కట్ అయిందో లేదో తెలీక మళ్ళీ కట్టాను, కాసేపటికి చూస్తే బ్యాంకు నుంచి రెండు మెసేజ్‌లు. లేదంటే నేను కట్టేసిన సంగతి తెలీక మా ఆడిటర్ గారు కూడా కట్టేశారు. అదీ కాదంటే నోటీసు వచ్చిందని భయపడి కట్టాను, తీరా చూస్తే అది ఎప్పుడో కట్టిన పన్నే.

అడిగితే వచ్చే జవాబులు కూడా తలోరకం. బ్యాంకుకి కంప్లైంట్ ఇవ్వండి అంటారు ఒకరు. వాళ్ళే వేసేస్తారు, ఊరుకోండి అంటారు ఇంకొకరు. రిటర్న్ రివైజ్ చెయ్యాలంటారు మరొకరు. ఇక పోయినట్టే అనేవాళ్ళు ఎలాగూ ఉంటారు. చివరిది తప్ప మిగతా మూడూ ఏదో ఒక సందర్భంలో నిజమే. చిక్కల్లా ఒకరి సందర్భానికి సరిపోయే సలహా ఇంకొకరికి చెప్పేయడంలో ఉంది. మీ డబ్బు ఎక్కడ ఆగింది, మీ రిటర్న్ ఏ దశలో ఉంది అన్న రెండు విషయాల మీదే దారి ఆధారపడుతుంది.

ముందు కొన్ని పేర్లు తెలిస్తే మిగతాది తేలిక

జీతం ఇచ్చేవాళ్ళో బ్యాంకో మన చేతికి డబ్బు రాకముందే పట్టుకుని కట్టేది టీడీఎస్. ఏడాది నడుస్తుండగానే మనం వాయిదాల్లో కట్టేది అడ్వాన్స్ ట్యాక్స్. ఏడాది అయిపోయాక లెక్క చూసుకుని, ఇంకా బాకీ ఉంటే రిటర్న్ వేసే ముందు కట్టేది సెల్ఫ్ అసెస్‌మెంట్ ట్యాక్స్. రిటర్న్ పరిశీలించాక ఆదాయపు పన్ను శాఖ "ఇంత బాకీ ఉన్నారు" అని పంపేది డిమాండ్. చలానాలో వీటికి కోడ్‌లు ఉంటాయి: అడ్వాన్స్ ట్యాక్స్‌కి 100, సెల్ఫ్ అసెస్‌మెంట్‌కి 300, డిమాండ్ కింద కట్టేదానికి 400. చూడ్డానికి చిన్న విషయమే గానీ, రెండోసారి కట్టింది 300లో పడిందా 400లో పడిందా అన్నదాన్ని బట్టి కథ పూర్తిగా మారిపోతుంది.

మన పాన్ మీద ఎంత టీడీఎస్ పట్టుకున్నారో చూపించే పట్టిక ఫారం 26ఏఎస్. మనమే కట్టిన చలానాలు కూడా ఒకప్పుడు అందులోనే ఉండేవి, ఇప్పుడు ఏఐఎస్ అనే వార్షిక సమాచార పట్టికలో కనిపిస్తాయి. రిటర్న్ చూశాక శాఖ పంపే లెక్క కాగితం సెక్షన్ 143(1) ఇంటిమేషన్.

డబ్బు కట్ అవడం వేరు, పన్ను జమవడం వేరు

ఆదాయపు పన్ను శాఖ పోర్టల్‌లో పన్ను కట్టడానికి చలానా తయారుచేయగానే దానికో రిఫరెన్స్ నంబరు పుడుతుంది, దాన్ని సీఆర్‌ఎన్ అంటారు. ఇంతవరకూ పన్ను కట్టినట్టు కాదు. డబ్బు కట్టి, బ్యాంకు ఆ సంగతి పోర్టల్‌కి నిర్ధారించాకే చలానా రసీదు వస్తుంది. అందులో బ్యాంకు శాఖని సూచించే 7 అంకెల బీఎస్‌ఆర్ కోడ్, తేదీ, 5 అంకెల చలానా నంబరు ఉంటాయి.

మొదటిసారి పేజీ ఆగిపోయినప్పుడు జరిగేది ఎక్కువగా ఏమిటంటే, డబ్బు ఖాతా నుంచి బయల్దేరింది, నిర్ధారణ మాత్రం ఇంకా పోర్టల్‌కి చేరలేదు. ఈలోగా మనం కంగారుపడి ఇంకో చలానా తయారుచేస్తాం, దానికి కొత్త సీఆర్‌ఎన్ వస్తుంది, పోర్టల్‌కి అది పూర్తిగా వేరే చెల్లింపు. కొన్ని గంటలకో మర్నాటికో మొదటిదానికీ నిర్ధారణ వచ్చేస్తుంది. అలా రెండు రసీదులు తయారవుతాయి.

మొదటిది నిజంగానే ఫెయిలై ఉంటే రసీదు రాదు, ఏఐఎస్‌లోనూ కనిపించదు, డబ్బు బ్యాంకు దారిలోనే ఖాతాకి తిరిగొస్తుంది. ఇది బ్యాంకు సమస్య, రీఫండ్ సమస్య కాదు. బ్యాంకుని అడగాలన్న సలహా సరిపోయేది ఇక్కడే. రెండిటికీ రసీదులు వచ్చేశాయంటే మాత్రం బ్యాంకు పాత్ర ముగిసినట్టే. ఆ డబ్బు భారత సంచిత నిధికి చేరిపోయింది, అక్కడి నుంచి వెనక్కి తీసివ్వడం బ్యాంకు మేనేజర్ చేతిలో పని కాదు, ఆయన మీద కేకలేసినా లాభం లేదు. పోర్టల్‌లోని పేమెంట్ హిస్టరీలో రెండూ ఉన్నాయా, కొన్ని రోజులు పోయాక ఏఐఎస్‌లో రెండు వరసలు పడ్డాయా అన్నదే తేల్చే సాక్ష్యం.

శాఖ లెక్కల్లో "రెండోసారి" అనే మాటే లేదు

చాలామందికి అర్థం కానిది ఇదే. కొట్లో పొరపాటున రెండుసార్లు స్కాన్ చేసి డబ్బు పంపితే కొట్టతను ఫోన్ చూసుకుని ఒకటి వెనక్కి పంపేస్తాడు. ఇన్ని కోట్ల లావాదేవీలు కంప్యూటర్ మీద నడిపే శాఖ ఒకే రోజు, ఒకే పాన్, ఒకే మొత్తం రెండుసార్లు పడితే గుర్తుపట్టలేదా?

గుర్తుపట్టొచ్చు. కానీ అది పొరపాటో కాదో చెప్పలేదు. రిటర్న్ వేసేదాకా మీ అసలు పన్ను ఎంతో శాఖకి తెలీదు. మీకు ఇంకో ఆదాయం గుర్తొచ్చి కావాలనే మళ్ళీ కట్టి ఉండొచ్చు. అందుకే 1961 ఆదాయపు పన్ను చట్టంలోని సెక్షన్ 237 పొరపాటు చలానా గురించి మాట్లాడదు. ఆ ఏడాదికి మీరు కట్టాల్సిన సరైన పన్ను కంటే మీ పేరున జమైంది ఎక్కువైతే ఆ తేడా మీకు రావాలి అంటుంది. అంటే తిరిగొచ్చేది ఫలానా చలానా డబ్బు అని కాదు, మొత్తం ఏడాది లెక్కలో మిగులు. ఆ మిగులు అడగాల్సిన చోటు రిటర్న్.

దీని మీద పన్ను కట్టేవాళ్ళ వాదన వేరు. చట్టం అనుమతి లేకుండా పన్ను వసూలు చేయకూడదని రాజ్యాంగంలోని 265వ అధికరణం చెబుతోంది, కాబట్టి రెండోసారి పడ్డది అసలు పన్నే కాదు, దాన్ని అడిగించుకోకుండానే ఇవ్వాలి అంటారు. పన్ను చెల్లింపుదారుడి అజ్ఞానాన్ని అధికారులు అవకాశంగా తీసుకోకూడదని 1955లోనే కేంద్ర రెవెన్యూ బోర్డు సర్క్యులర్ ఇచ్చింది, కోర్టుల్లో దాన్ని ఇప్పటికీ చూపిస్తుంటారు. న్యాయం ఈ వైపే ఎక్కువ ఉందనిపిస్తుంది. కాకపోతే అడక్కుండా వెనక్కి పంపడం మొదలుపెడితే, నిజంగానే బాకీ ఉన్నవాళ్ళ డబ్బు కూడా వెనక్కి వెళ్ళి, తర్వాత వడ్డీతో సహా మళ్ళీ డిమాండ్ రావచ్చన్న అవతలి వాదన కూడా కొట్టిపారేయదగింది కాదు.

రిటర్న్ ఇంకా వేయకముందు తెలిస్తే

ఇది అన్నిటికంటే తేలికైన పరిస్థితి. కట్టాల్సింది 36,000 అనుకుందాం, రెండుసార్లు కట్టారు. రిటర్న్‌లో పన్ను చెల్లింపుల పట్టికలో రెండు చలానాలూ విడివిడి వరసల్లో పెడితే జమ 72,000 అవుతుంది, బాకీ 36,000 పోను మిగతా 36,000 రీఫండ్ గడిలో దానంతటదే కనిపిస్తుంది. వేరే దరఖాస్తూ లేదు, ఉత్తరమూ లేదు.

ఇక్కడ జనం పడే తప్పు ఒకటుంది. ఒకే రోజు ఒకే బ్యాంకు ద్వారా కడితే రెండు రసీదుల్లో బీఎస్‌ఆర్ కోడ్ ఒకటే, తేదీ ఒకటే, మొత్తం ఒకటే. తేడా ఉండేది చలానా నంబరులో మాత్రమే. ఒకటి 00417 అయితే రెండోది 00962 అనుకోండి. మొదటి వరసని కాపీ చేసి రెండో వరసలో పెట్టేస్తే రెండు చోట్లా 00417 పడుతుంది. అప్పుడు కంప్యూటర్ ఒక చలానాకే క్రెడిట్ ఇస్తుంది, 00962 ఎవరికీ పట్టకుండా ఏఐఎస్‌లో అలా పడి ఉంటుంది, రీఫండ్ వస్తుందని ఎదురుచూస్తున్న మనిషికి సున్నా ఇంటిమేషన్ వస్తుంది. రెండు చలానాల మొత్తాన్ని కలిపి ఒకే వరసలో 72,000 అని రాసినా అంతే, ఆ మొత్తంతో ఉన్న చలానా శాఖ రికార్డులో లేదు కాబట్టి అది సరిపోలదు.

ఆ మిగులుని వచ్చే ఏడాది పన్నుకి జమ వేసుకోవచ్చు కదా అని కొందరు అడుగుతారు. మన దగ్గర రిటర్న్‌లో అలా ముందుకి తీసుకెళ్ళే పద్ధతి లేదు, రీఫండ్‌గా తీసుకోవాల్సిందే. పోర్టల్‌లో చలానా కరెక్షన్ అని ఒకటి ఉన్న మాట నిజమే, కానీ అది తప్పు అసెస్‌మెంట్ ఇయర్ (ఆదాయం వచ్చిన ఏడాది తర్వాత, దాని పన్ను లెక్క తేల్చే ఏడాది), తప్పు కోడ్ ఎంచుకున్నవాళ్ళు దిద్దుకోవడానికి. దాని గడువు కట్టిన నాటి నుంచి రోజుల్లోనే ఉంటుంది, అది దాటితే మీ పన్ను లెక్క చూసే శాఖ అధికారి, అంటే అసెస్సింగ్ ఆఫీసర్ దగ్గరికి వెళ్ళాలి. దానివల్ల డబ్బు వెనక్కి రాదు, ఒక గడి నుంచి ఇంకో గడికి మారుతుందంతే.

రిటర్న్ వేసేశాక తెలిస్తే

రిటర్న్‌లో ఒక్క చలానానే చూపించారు, రెండోది తర్వాత బయటపడింది. ఏఐఎస్‌లో కనిపిస్తోంది కదా, వాళ్ళే చూసి వేసేస్తారు అనుకునేది ఇక్కడే. సాధారణంగా వెయ్యరు. రిటర్న్‌లో మీరు అడిగిన క్రెడిట్‌నే సరిచూస్తారు, అడగనిది అలాగే ఉండిపోతుంది.

దీనికి నేరుగా పనికొచ్చేది సెక్షన్ 139(5) కింద రివైజ్డ్ రిటర్న్, అంటే ముందు వేసినదాన్ని సవరించి మళ్ళీ వేసేది. మిగతా అంకెలన్నీ అవే, చలానా వరస ఒకటి ఎక్కువ. మొదటి రిటర్న్ ప్రాసెస్ అయిపోయి ఇంటిమేషన్ వచ్చేసినా, గడువుంటే రివైజ్ చేసుకోవచ్చు. 2025-26 అసెస్‌మెంట్ ఇయర్‌కి ఆ గడువు 2025 డిసెంబర్ 31గా ఉండేది. ఆలస్యంగా వేసే బిలేటెడ్ రిటర్న్‌లో కూడా రీఫండ్ అడగొచ్చు.

అప్‌డేటెడ్ రిటర్న్ ఉందిగా, దానికి ఏళ్ళ తరబడి గడువుందిగా అంటారు కొందరు. 2025 ఫైనాన్స్ చట్టం దాని గడువుని 48 నెలలకి పెంచిన మాట నిజమే. కానీ అది అదనంగా పన్ను కట్టేవాళ్ళ కోసం పెట్టింది. రీఫండ్ అడగడానికి గానీ, ఉన్న రీఫండ్ పెంచుకోవడానికి గానీ అది పనికిరాదు.

రివైజ్ గడువు కూడా దాటిపోతే

అసలు తగువు ఇక్కడ మొదలవుతుంది, నిపుణులు కూడా ఒకే మాట మీద ఉండరు.

ఒక దారి సెక్షన్ 154 రెక్టిఫికేషన్. రికార్డు చూడగానే కనిపించే తప్పుని దిద్దమని అడగడం. ఇంటిమేషన్ ఇచ్చిన ఆర్థిక సంవత్సరం ముగిశాక 4 ఏళ్ళ వరకూ దీనికి వీలుంది. పోర్టల్‌లో ట్యాక్స్ క్రెడిట్ తేడాలు దిద్దుకునే ఎంపిక ఉంటుంది, చలానా వివరాలు అక్కడ ఇవ్వొచ్చు. దరఖాస్తు అందిన నెల ముగిశాక 6 నెలల్లో తేల్చాలని చట్టం చెబుతుంది. ఏఐఎస్ శాఖ సొంత రికార్డే కదా, అందులో కనిపిస్తున్న చలానాకి క్రెడిట్ ఇవ్వకపోవడం కంటికి కనిపించే తప్పే కదా అన్నది ఈ దారిని సమర్థించేవాళ్ళ మాట.

రిటర్న్‌లో మీరే అడగలేదు, ఇవ్వకపోవడం మా తప్పెలా అవుతుంది అనేది రెండో వైపు. 2006లో గోయెట్జ్ ఇండియా కేసులో సుప్రీంకోర్టు, రివైజ్డ్ రిటర్న్ లేకుండా వచ్చిన కొత్త క్లెయిమ్‌ని అసెస్సింగ్ ఆఫీసర్ ఒప్పుకోనక్కర్లేదంది. దాన్నే ఇక్కడ చూపిస్తుంటారు. అయితే ఆ కేసు ఆదాయంలోంచి తీసివేయమని అడిగిన డిడక్షన్ గురించి, కట్టేసిన పన్నుకి లెక్క చూపించడం గురించి కాదు. పైగా అప్పీలు అధికారుల చేతులు ఆ తీర్పు కట్టేయలేదు. డిడక్షన్‌కి అర్హత ఉందో లేదో తేల్చాలి, చలానాకి తేల్చేదేముంది? రెండిటినీ ఒకే గాటన కట్టడం కాస్త మొండితనమే.

అసలు రిటర్నే వెయ్యనివాళ్ళకి, రెక్టిఫికేషన్ కుదరనివాళ్ళకి ఉన్న దారి సెక్షన్ 119(2)(బి), ఆలస్యాన్ని మన్నించమని అడగడం. దీనికి 2024 అక్టోబర్ 1న వచ్చిన 11/2024 సర్క్యులర్ ఆధారం. అసెస్‌మెంట్ ఇయర్ ముగిశాక 5 ఏళ్ళ లోపు అడగాలి, అంతకుముందు 2015 సర్క్యులర్‌లో ఇది 6 ఏళ్ళు ఉండేది. ఉదాహరణకి 2022-23 అసెస్‌మెంట్ ఇయర్ 2023 మార్చి 31తో ముగిసింది కాబట్టి 2028 మార్చి 31 దాకా వీలుంది. కోటి రూపాయల లోపు క్లెయిములు ప్రిన్సిపల్ కమిషనర్ లేదా కమిషనర్ స్థాయిలోనే తేలతాయి. నిజమైన ఇబ్బంది వల్లే ఆలస్యమైందని చూపించాలి. ఒప్పుకుంటే అసలు వస్తుంది, ఆలస్యపు క్లెయిమ్ మీద వడ్డీ మాత్రం రాదు.

వడ్డీ: కాగితం మీద ఉంది, చాలామంది చేతికి రాదు

రీఫండ్ మీద సెక్షన్ 244ఏ కింద నెలకి అర శాతం వడ్డీ ఇస్తారు. మనం ఆలస్యంగా కడితే నెలకి 1 శాతం వసూలు చేస్తారన్నది ఇక్కడ గుర్తుకురాక మానదు.

ఆ అర శాతం కూడా ఎప్పటినుంచి అన్నది పన్ను రకాన్ని బట్టి ఉంటుంది. టీడీఎస్, అడ్వాన్స్ ట్యాక్స్ ఎక్కువైతే, రిటర్న్ గడువులోగా వేసినవాళ్ళకి అసెస్‌మెంట్ ఇయర్ ఏప్రిల్ 1 నుంచి. సెల్ఫ్ అసెస్‌మెంట్ ట్యాక్స్ ఎక్కువైతే, కట్టిన తేదీ, రిటర్న్ వేసిన తేదీ, ఈ రెండిట్లో ఏది తర్వాతైతే అప్పటినుంచి. నిజానికి 2016 దాకా సెల్ఫ్ అసెస్‌మెంట్ మిగులుకి వడ్డీ ఉందా లేదా అన్నదే పెద్ద వివాదం, ఆ ఏడాది ఫైనాన్స్ చట్టం ఈ నియమాన్ని విడిగా చేర్చింది.

ఇంకో మెలిక ఉంది. రీఫండ్ మొత్తం ఆ ఏడాది తేలిన పన్నులో 10 శాతం కంటే తక్కువైతే ఈ రెండు రకాలకీ వడ్డీయే లేదు.

రెండు ఉదాహరణలు చూద్దాం. ఉద్యోగం చేసే ఒకరికి ఏడాది పన్ను 4,20,000. జీతంలో 4,11,000 పట్టుకున్నారు, మిగతా 9,000 రెండుసార్లు కట్టారు. రావాల్సింది 9,000. పన్నులో 10 శాతం అంటే 42,000, అంతకంటే ఇది చాలా తక్కువ. ఎన్ని నెలలు పట్టినా వడ్డీ సున్నా.

రిటైరైన పెద్దాయనకి ఎఫ్‌డీ వడ్డీలూ పెన్షనూ కలిపి పన్ను 60,000, టీడీఎస్ 24,000. వ్యాపారాదాయం లేని సీనియర్ సిటిజన్ కాబట్టి అడ్వాన్స్ ట్యాక్స్ బాధ్యత లేదు, మిగతా 36,000 జూన్ 30న కడుతూ పొరపాటున రెండుసార్లు కట్టారు. జూలై 1న రెండు చలానాలతో రిటర్న్ వేశారు, అక్టోబర్ 30న రీఫండ్ మంజూరైంది. 36,000 పన్నులో 10 శాతమైన 6,000 కంటే ఎక్కువే. నాలుగు నెలలకి 2 శాతం, అంటే 720. మొత్తం 36,720 ఖాతాలో పడుతుంది. ఇందులో 36,000కి పన్ను లేదు, అది ఆయన డబ్బే. 720 మాత్రం ఇతర ఆదాయం కింద ఆ వచ్చిన ఏడాది చూపించాలి.

అంటే పన్ను ఎక్కువగా టీడీఎస్‌లోనే పోయే జీతగాళ్ళు రెండుసార్లు కడితే, ఈ 10 శాతం గీత దాదాపు ప్రతిసారీ వాళ్ళకి అడ్డమే. ఇక రెండో చలానా ఆలస్యంగా చూపించి రివైజ్ చేసినవాళ్ళ విషయంలో, ఆలస్యం వాళ్ళ వల్లే జరిగిందని ఆ కాలాన్ని వడ్డీ లెక్కలోంచి తీసేయడానికి చట్టంలో వీలుంది.

డిమాండ్‌ని రెండుసార్లు కడితే

ఒకరు అడ్వాన్స్ ట్యాక్స్ 14,000 కట్టి రిటర్న్‌లో చూపించడం మర్చిపోయారు. వడ్డీతో కలిపి డిమాండ్ వచ్చింది. టెన్షన్‌తో 400 కోడ్‌లో కట్టేశారు, తర్వాత పాత చలానా కనబడి రెక్టిఫికేషన్ కూడా పెట్టారు. అది ఆమోదమైతే డిమాండ్ సున్నా అవుతుంది, 400లో కట్టింది మిగులుగా తేలుతుంది. కానీ 400 చలానాని రిటర్న్‌లో చూపించడానికి గడి లేదు, అక్కడ ఉండేవి అడ్వాన్స్, సెల్ఫ్ అసెస్‌మెంట్ చెల్లింపులే. అందువల్ల ఇది రివైజ్డ్ రిటర్న్‌తో తేలదు. రెక్టిఫికేషన్ ఆర్డర్ ద్వారానో, పోర్టల్‌లో గ్రీవెన్స్ పెట్టో, అసెస్సింగ్ ఆఫీసర్ ద్వారానో రావాలి, ఓపిక ఎక్కువ పట్టేది కూడా దీనికే. వడ్డీ లెక్క మాత్రం కొంచెం నయం, డిమాండ్ మొత్తానికి మించి కట్టిన రోజు నుంచీ మొదలవుతుంది.

మంజూరైనా చేతికి రాకపోవడం

రీఫండ్ ఆమోదమైందని చూపిస్తూనే ఖాతాలో పడకపోవడానికి కారణాలు మామూలువే. పోర్టల్‌లో ముందుగా వాలిడేట్ చేసిన ఖాతాకే డబ్బు వేస్తారు. ఖాతా మూసేసినా, బ్యాంకుల విలీనంలో ఐఎఫ్‌ఎస్‌సీ మారినా వెనక్కి పోతుంది, అప్పుడు రీఇష్యూకి అడగాలి. ఆధార్‌తో లింకు కాక పాన్ చెల్లకుండా పోతే రీఫండ్ ఇవ్వరు, ఆ కాలానికి వడ్డీ కూడా రాదు. ఏదో పాత ఏడాది బాకీ రికార్డులో ఉంటే సెక్షన్ 245 కింద ముందు తెలియజేసి అందులో సర్దేస్తారు, ఆ బాకీ నిజం కాదనుకుంటే అభ్యంతరం చెప్పే వీలు ఆ దశలోనే ఉంటుంది. ఈలోగా "మీ రీఫండ్ సిద్ధంగా ఉంది, లింకు నొక్కండి" అని వచ్చే మెసేజ్‌ల సంగతి వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

రెండుసార్లు కట్టినట్టు అనిపించే ఇంకో రెండు సందర్భాలు

భార్య పన్ను భర్త పాన్ మీద కట్టేసి, మళ్ళీ ఆమె పాన్ మీద సరిగ్గా కట్టడం. ఇక్కడ మిగులు ఆమెది కాదు, భర్త లెక్కలో ఉంది. ఆ ఏడాది ఆయన రిటర్న్‌లో ఆ చలానా చూపిస్తే ఆయన ఖాతాకే రీఫండ్ వస్తుంది. ఇంట్లోవాళ్ళ మధ్య అయితే సరే, తెలియని మనిషి పాన్ మీద పడితే మాత్రం అసెస్సింగ్ ఆఫీసర్ చుట్టూ తిరగాల్సిన వ్యవహారం.

రెండోది ఫ్రీలాన్సర్లకి తగిలేది. ఆదాయాన్ని ఒక ఏడాది చూపించి పన్ను కట్టేశారు, చెల్లించిన కంపెనీ టీడీఎస్‌ని తర్వాతి ఏడాది కట్ చేసింది. అదే ఆదాయం మీద రెండు దెబ్బలు పడ్డట్టు ఉంటుంది. దీనికోసమే 2023 అక్టోబర్ 1 నుంచి ఫారం 71 వచ్చింది. టీడీఎస్ కట్ అయిన ఆర్థిక సంవత్సరం ముగిశాక 2 ఏళ్ళలోపు అది దాఖలు చేస్తే పాత ఏడాది లెక్కని దిద్ది క్రెడిట్ ఇస్తారు.

2026 ఏప్రిల్ నుంచి వచ్చిన కొత్త మెలిక

2025 ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది, సెక్షన్ల నంబర్లన్నీ మారాయి. 2025-26 ఆర్థిక సంవత్సరం దాకా వచ్చిన ఆదాయానికి పాత చట్టమే వర్తిస్తుంది కాబట్టి పైన చెప్పిన నంబర్లు ఆ ఏళ్ళకి పనికొస్తాయి. ఈ బిల్లు మొదట వచ్చినప్పుడు, గడువులోగా రిటర్న్ వేస్తేనే రీఫండ్ అనే అర్థం వచ్చే మాట అందులో ఉండి చాలా అలజడి రేగింది. పార్లమెంటు సెలెక్ట్ కమిటీ దాన్ని తీసేయమంది, చివరి బిల్లులో తీసేశారు. ఆలస్యంగా వేసినవాళ్ళకి రీఫండ్ రాదన్న ప్రచారం ఇప్పటికీ తిరుగుతోందంటే దానికి మూలం ఆ మొదటి ముసాయిదానే.

కొత్త చట్టంలో అసెస్‌మెంట్ ఇయర్ అనే మాట పోయి ట్యాక్స్ ఇయర్ వచ్చింది. 2026-27 అసెస్‌మెంట్ ఇయర్ అంటే 2025 ఏప్రిల్ నుంచి 2026 మార్చి దాకా వచ్చిన ఆదాయం. 2026-27 ట్యాక్స్ ఇయర్ అంటే ఆ తర్వాతి పన్నెండు నెలల ఆదాయం. అంకెలు అవే, ఏడాది వేరు. 2026 వేసవిలో పాత ఏడాది సెల్ఫ్ అసెస్‌మెంట్ ట్యాక్సూ, కొత్త ఏడాది అడ్వాన్స్ ట్యాక్స్ మొదటి వాయిదా గడువైన జూన్ 15వ తేదీ చెల్లింపూ దగ్గరదగ్గరగా వస్తాయి. ఒకదాని బదులు ఇంకోటి ఎంచుకుని కట్టేసి, పాత ఏడాది బాకీ అలాగే కనిపిస్తోందని మళ్ళీ కట్టేవాళ్ళు ఈసారి కొంతమందైనా ఉంటారు. వాళ్ళ విషయంలో రెండో చెల్లింపు సరైనదే, దారి తప్పింది మొదటిది. చలానా కరెక్షన్ గడువులో దాన్ని సరైన ఏడాదికి మార్చుకోలేకపోతే, అది పడ్డ ఏడాది రిటర్న్‌లోనే దాన్ని లెక్కలోకి తెచ్చుకోవాలి.